కోడె వయసు కుక్క



హస్త కార్తె నడుస్తోంది. అక్టోబరు రెండో వారంలో చిత్త కార్తె వస్తుంది. నల్లరేగడి పొలాల్లో శనగ విత్తడానికి రైతులు పదును చూసుకునే రోజులివి. పశువైద్యుడికి ఇవి ఇంకో రకం రోజులు. ఎద్దులూ, బర్రెలూ, గొర్రెలూ ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. వాటితోపాటు ఇప్పుడు ఆస్పత్రి వసారాలోకి మగకుక్కల పంచాయితీలు వస్తాయి. చాలా ఏళ్ళు కర్నూలు, కడప జిల్లాల్లో పశువైద్యుడిగా పనిచేసినవాణ్ణి కాబట్టి, ఆ పంచాయితీ ఎలా మొదలవుతుందో నాకు కంఠతా వచ్చు.

"సార్, మా టైగర్ గానికి ఏమో అయింది సార్. శివరాత్రి అప్పుడు తెచ్చినాము, అరచేతిలో పట్టేటోడు. ఎండాకాలంలో కూచోమంటే కూచునేటోడు, రమ్మంటే వచ్చేటోడు. ఇప్పుడు పిలిస్తే మొగం కూడా తిప్పడు. గేటు తీస్తే చాలు, యాడికి పోతాడో తెలీదు. చుట్టాలొస్తే కాళ్ళకు తగులుకుంటాడు, మర్యాద పోతాంది. మందేమన్నా ఉంటే రాయండి సార్."

మందు లేదు. ఎందుకంటే జబ్బు లేదు. టైగర్‌కు వయసొచ్చింది, అంతే.

ఒక చిన్న లెక్క చెబుతాను. మన వీధికుక్కల్లో ఆడవి ఎక్కువగా వానాకాలం వెనుకపట్టు పట్టే రోజుల్లో ఎదకు వస్తాయి. చిత్త కార్తెకూ కుక్కలకూ మన పెద్దలు ముడిపెట్టింది అందుకే. అప్పుడు జతకట్టిన ఆడకుక్క సుమారు 63 రోజులకు పిల్లలు పెడుతుంది. అంటే డిసెంబరు, జనవరి. ఆ పిల్లను పాలు మరిచాక శివరాత్రి ప్రాంతంలో మీరు ఇంటికి తెచ్చుకుంటారు. మళ్ళీ చిత్త కార్తె వచ్చేసరికి దాని వయసు తొమ్మిది, పది నెలలు. మగకుక్క ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను బాగా పొంగే వయసు సరిగ్గా అదే. లోపల వయసు పొంగుతూ ఉంటుంది, బయట వీధివీధినా ఎదకొచ్చిన ఆడకుక్కల వాసన గాలిలో ఉంటుంది. రెండూ ఒకే పక్షంలో కలిసొస్తే, పిల్లప్పుడు నేర్పిన "కూచో" అనే మాట దాని చెవికి ఎక్కుతుందా? చెప్పండి.

ఈ వయసు ఆరో నెలలోనే మొదలవుతుంది. పొమేరియన్ లాంటి చిన్న కుక్కల్లో ఇంకాస్త ముందు, పెద్ద ఒళ్ళున్న జాతుల్లో ఇంకాస్త వెనక. మొదట పళ్ళ సంగతి. కుక్కపిల్లకు 28 పాలపళ్ళుంటాయి. ఆరేడు నెలలకల్లా అవి రాలి 42 గట్టి పళ్ళు వస్తాయి. వచ్చిన పళ్ళు దవడలో కుదురుకునేదాకా చెప్పు కనిపిస్తే చెప్పు, నవారు మంచం కనిపిస్తే నవారు. తర్వాత ఒకరోజు, అంతదాకా ఆడపిల్లలా కూచుని మూత్రం పోసే మగపిల్ల కాలెత్తుతుంది. స్కూటరు చక్రం మీద, తులసికోట మీద, పక్కింటివాళ్ళ గడప మీద. ఆ తడిలో అది ఎవరో, ఎప్పుడు వచ్చిపోయిందో ఇంకో కుక్కకు తెలిసిపోయే వాసన ఉంటుంది. తర్వాత తిరుగుడు. ఆ తర్వాత సాటి మగకుక్కను చూస్తే మెడమీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. పన్నెండు నెలలకు ఒళ్ళు పెరగడం చాలామటుకు అయిపోతుంది గానీ, బుద్ధి కుదురుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. చూసేవాళ్ళకు అది పెద్దకుక్క. లోపల ఇంకా కుర్రది. గొడవంతా ఆ తేడాలోనే ఉంది.

మాట వినకపోవడం మన కుక్కలకు మాత్రమే ఉన్న గుణం అనుకోకండి. ఇంగ్లండులో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంధులకు దారి చూపించడం కోసం పెంచుతున్న లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, వాటి సంకరాలు. అంటే వినయానికి పేరుపడ్డ కుక్కలు. వాటిని ఐదు నెలల వయసులో ఒకసారి, ఎనిమిది నెలల వయసులో ఇంకోసారి "కూచో" అని ఆజ్ఞాపించి చూశారు. ఐదు నెలలప్పుడు పెంచినవాళ్ళ మాట బాగా విన్న కుక్కలే ఎనిమిదో నెలలో వాళ్ళను ఖాతరు చేయలేదు. విచిత్రమేమిటంటే, అదే వయసులో అదే మాట కొత్తవాళ్ళు చెబితే విన్నాయి. ఇంట్లో అమ్మానాన్నల మీద విసుక్కునే పదో తరగతి పిల్లవాడు పక్కింటి సార్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డం మనం చూడలేదా? ఆ అధ్యయనంలోనే ఇంకో మాట కూడా ఉంది. కుక్కలకు ఏడాది వయసు వచ్చేసరికి మాట వినడం మళ్ళీ మెరుగుపడింది. నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు, కొన్నాళ్ళు పక్కకు తప్పుకుందంతే.

సీమ రైతుకు ఈ వయసును చూడ్డం కొత్తేమీ కాదు. దూడగా ఉన్నప్పుడు వెంట తిరిగిన కోడె, కాడికి అలవాటు చేసే రోజుల్లో మెడ విదిలిస్తుంది, చాలు తప్పిస్తుంది, ఒక్కోసారి మేడి విరిచినంత పని చేస్తుంది. రైతు దాన్ని ఆ రోజే సంతకు తోలడు. ముదురు ఎద్దు పక్కన కడతాడు. మొదట ఉత్త కాడి, తర్వాత తేలిక బరువు, ఆ తర్వాతే నేల. అదే రైతు ఇంట్లో పది నెలల కుక్క చెప్పు కొరికిందంటే మాత్రం "ఇది చెడిపోయింది, యాడన్నా వదిలిపెట్టి రాండి" అంటాడు. కోడెకు ఇచ్చిన ఓపికలో నాలుగోవంతు కుక్కకు ఇమ్మనే నేనీ ప్రసంగంలో అడుగుతున్నాను.

కుక్కను పెంచడం మనకు చేతకానిదేమీ కాదు. కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలో పందికోన అనే ఊరుంది. హంద్రీ-నీవా సాగునీటి పథకం కింద జలాశయం కట్టిన ఊరు. ఆ జలాశయం కంటే ముందునుంచీ ఆ ఊరికి పేరు తెచ్చింది అక్కడి కుక్కలు. గొర్రెల మందకూ, చేనుకూ, ఇంటికీ కాపలా కాయడంలో వాటి ధైర్యం గురించి జిల్లా అంతా కథలుగా చెప్పుకుంటారు. పిల్లల కోసం దూరం నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళున్నారు. జిల్లా పడమటి ప్రాంతంలో మందలు కాసే కురువలు కొలిచే మల్లన్న స్వామి వెంట కూడా కుక్క ఉంటుంది. కుక్కకు అంత చోటిచ్చిన సీమ ఇది.

పందికోన నుంచి అలా తీసుకెళ్ళిన పిల్ల కర్నూల్లోనో, ప్రొద్దుటూర్లోనో ఒక మేడ ఇంటికి చేరుతుంది. ఏడెనిమిది నెలలకు యజమాని ఫోన్ చేస్తాడు. "ఆ ఊరి నీళ్ళు దాటితే ఆ కుక్కలకు ఆ గుణం ఉండదంట కదా సార్, మాది పిచ్చిపిచ్చిగా చేస్తాంది." నీళ్ళ మహిమ అనే మాట నేనూ విన్నాను. నాకు మాత్రం ఆ గుట్టు నీళ్ళలో కనపడలేదు. మందతో తిరిగే కుర్రకుక్క చుట్టూ ముదురు కుక్కలుంటాయి. అతి చేస్తే ఒక గుర్రు, ఇంకా అతి చేస్తే మూతి మీద ఒక పంటి గాటు, అంతటితో సరి. పొద్దున్నుంచి సాయంత్రందాకా నడక. చూడ్డానికి చాలినంత, వాసన పట్టడానికి చాలినంత. రాత్రికి చేయడానికి పని. వయసు పొంగు పొంగినంతా ఖర్చయిపోతుంది. అదే పిల్ల మేడ ఇంట్లో మెట్ల కింద, మూడడుగుల గొలుసుకు, రోజుకు పది నిమిషాల షికారుతో ఉంటే ఆ పొంగు ఎటు పోవాలి? మంచం కోడు మీదికి, పాలవాడి పిక్క మీదికి.

ఇక్కడ గొలుసు గురించి గట్టిగా మాట్లాడాలి. మన ప్రాంతంలో కుర్రకుక్క అల్లరికి అందరికీ తెలిసిన వైద్యం గొలుసు ఒక్కటే. "కట్టేస్తే కోపం పెరుగుతాది, కాపలాకు బాగుంటాది" అని పొగరుగా చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. కోపం పెరిగే మాట నిజం. కాపలా మాట అబద్ధం. కట్టేసిన కుక్కకు పారిపోయే దారి ఉండదు. దగ్గరికి వచ్చే ప్రతి ప్రాణీ దానికి ప్రమాదమే. పారిపోలేనిది కరుస్తుంది. అది దొంగకూ, ఇంటి మనవడికీ తేడా చూడదు. గొలుసు తెగిన రోజున, ఏనాడూ మనుషుల మధ్య తిరగడం నేర్చుకోని ఒక బలమైన మగకుక్క వీధిలోకి వస్తుంది. నేను చూసిన కుక్కకాటు కేసుల్లో పెంపుడు కుక్కలు కరిచినవి చాలామటుకు ఇలాంటివే. ఇంకో సంగతి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను నడకకు తిప్పకపోవడం నేరం. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టేయడమూ నేరమే. మన ఊళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

మరి ఏం చేయాలి? మొట్టమొదట నడక. పెద్ద కుర్రకుక్కకు రోజుకు రెండు పూటలూ నడక ఉండాలి. ఒక్కో పూట అరగంటకు తగ్గకుండా. కర్నూలువాళ్ళకు కె.సి. కాలువ గట్టుంది, తుంగభద్ర ఒడ్డుంది. కడపవాళ్ళకు ఊరు దాటితే పాలకొండల వైపు కావలసినంత మైదానం. మేడ చుట్టూ ఉరికించి తెచ్చేది నడక కాదు. దాన్ని ఆగనివ్వండి, వాసన చూడనివ్వండి, ప్రతి కంపచెట్టునూ పలకరించనివ్వండి. ముక్కుతో చేసే పని కూడా కుక్కను బాగా అలసిపోయేలా చేస్తుంది. ఎండ విషయంలో మాత్రం జాగ్రత్త. ఇళ్ళ ముందరా, వీధుల్లోనూ మనం పరిచేవి కడప బండలు, బేతంచెర్ల బండలు. మధ్యాహ్నానికి అవి పెనం. అరచేతి వెనకభాగం ఐదారు లెక్కపెట్టేదాకా బండ మీద ఆనించలేకపోతే, ఆ బండ మీద కుక్క కాలు పెట్టకూడదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దానికి చల్లబడే ముఖ్యమైన దారి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఉరికిస్తే వడదెబ్బకు గంటలో ప్రాణం పోవచ్చు.

ఇక పిలిస్తే రాకపోవడం. ఫిర్యాదుల్లో పెద్దది ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. మీరు మీ కుక్కను పేరు పెట్టి ఎప్పుడెప్పుడు పిలుస్తారో ఒక్కరోజు గమనించుకోండి. ఆట ఆపి కట్టేయడానికి పిలుస్తారు. స్నానం చేయించడానికి పిలుస్తారు. చెప్పు కొరికినప్పుడు తన్నడానికి పిలుస్తారు. పది నెలల్లో అది నేర్చుకున్నదేమిటి? ఆ పేరు వినబడిందంటే సుఖం అయిపోయిందని. మరెందుకు వస్తుంది?

ఇంట్లో పాత చేంతాడు ఉందా చూడండి. బావులెండి బోర్లు పడ్డాక చాలా ఇళ్ళలో ఆ తాళ్ళు అటకెక్కాయి. ఇరవై, ముప్పై అడుగుల తాడు చాలు. మెడపట్టీకి కడితే ఉరికినప్పుడు గొంతు నొక్కుకుంటుంది. అందుకని ఛాతీ చుట్టూ వేసే పట్టీ కొని దానికి కట్టండి. గోడలున్న ఖాళీ స్థలంలోకో, కోతైపోయిన చేలోకో తీసుకెళ్ళి తాడు నేలమీద వదిలేయండి. అది తన పాటికి తిరుగుతుంటే పేరు ఒక్కసారి పిలవండి. ఒక్కసారే. పదిసార్లు అరిస్తే పదో అరుపుకు రావడం నేర్చుకుంటుంది. తల తిప్పిందా, మెచ్చుకోండి. వచ్చిందా, జేబులోంచి ఉడికిన గుడ్డు ముక్కో, కార్జం ముక్కో తీసి పెట్టండి. పెట్టి, వెంటనే మళ్ళీ ఆటకు వదిలేయండి. అసలు కిటుకు ఆ వదిలేయడంలోనే ఉంది. వస్తే ముక్కా దొరుకుతుంది, ఆటా పోదు. ఇది దాని తలకెక్కడానికి వారాలు పడుతుంది. రాకపోతే వెంటపడకండి, మీరు వెంటపడితే దానికది ఆట. మీరే వెనక్కి తిరిగి నాలుగడుగులు ఉరకండి, అది మీ వెంట వస్తుంది. ఐదు నిమిషాలు చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. గంటసేపు తరగతి చెబితే కుర్రవాడు ఏ జాతివాడైనా విసుక్కుంటాడు.

జేబులో ఏం పెట్టుకోవాలో చెప్పాను కాబట్టి, ఏం పెట్టకూడదో కూడా చెప్పాలి. కర్నూలు అంటే ఉల్లిగడ్డల మార్కెట్టు. మన కూరల్లో ఉల్లి లేనిది అరుదు. ఉల్లి, తెల్లగడ్డ కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. పచ్చిదైనా, వండిందైనా, కూర పులుసులో కలిసిపోయిందైనా అంతే. మిగిలిన మసాలా కూర సంగటిలో కలిపి కుక్కకు వేసే అలవాటు మానండి. సంగటి, జొన్నరొట్టె, మజ్జిగ పెట్టండి, దాంతోపాటు గుడ్డో, ఉప్పూకారం లేని మాంసమో ఉండాలి. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ విషంతో సమానం. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగులో గుచ్చుకుంటుంది.

మీదికెక్కే అలవాటు గురించి ఇళ్ళలో మాట్లాడుకోవడానికి సిగ్గుపడతారు. రేడియోలో నాకు ఆ ఇబ్బంది లేదు. కుర్రమగకుక్క దిండు మీదికి, సోఫా మీదికి, చుట్టాల కాళ్ళ మీదికి ఎక్కడం కామం ఒక్కటే కాదు. ఉత్సాహం పట్టలేకపోయినా, భయం వేసినా, ఇల్లంతా కొత్తవాళ్ళతో నిండినా అదే చేస్తుంది. వృషణాలు తీసే ఆపరేషను అయిన కుక్కలు కూడా చేస్తాయి. ఇంటివాళ్ళు అందరూ నవ్వితే దానికి మెప్పు, అందరూ అరిస్తే దానికి గోల. రెండూ దానికి ఇష్టమే. ఏమీ మాట్లాడకుండా లేచి పక్కకు పోండి. చుట్టాలు వస్తున్నారని తెలిస్తే ముందే నడకకు తిప్పి తెచ్చి, వేరే గదిలో నమలడానికి ఏదైనా ఇచ్చి ఉంచండి. మూట కట్టిన పాత గుడ్డ, పచ్చి క్యారెట్, ఎండాకాలమైతే గడ్డకట్టిన మజ్జిగ. ఇంట్లో కాలెత్తి తడిపిన చోట ఫినాయిలు పోస్తే వాసన మన ముక్కుకు పోతుందేగానీ దాని ముక్కుకు పోదు. సబ్బునీళ్ళతో కడిగి, నీళ్ళలో వెనిగర్ కలిపి తుడవండి. లేకపోతే రేపు మళ్ళీ అక్కడే.

కొట్టొచ్చా అని అడుగుతారు. కొట్టకూడదు. దయ గురించి ఉపన్యాసం చెప్పబోవడం లేదు, లాభనష్టాల లెక్కే చెబుతాను. కొట్టిన చేతికి కుక్క భయపడుతుంది. భయపడిన కుక్క రెండేళ్ళకు ముప్పై కిలోల కుక్క అవుతుంది. ముఖ్యంగా గుర్రుమన్నందుకు కొట్టకండి. గుర్రు అంటే "ఇక చాలు" అని అది గట్టిగా చెప్పే మాట. ఆ మాటను తన్ని నోరు మూయిస్తే, ఈసారి చెప్పకుండా కరుస్తుంది. గుర్రుమంటే ఆగండి, దాన్ని ఇబ్బంది పెడుతున్నదేమిటో చూడండి. చిన్నపిల్లల్ని ఈ వయసు కుక్కతో ఒంటరిగా వదలకండి. అది ఎంత మంచిదైనా సరే.

ఇదే వయసులో ఇంకో వింత జరుగుతుంది. నిన్నటిదాకా దేనికీ జంకని కుక్క హఠాత్తుగా ఏ నల్లగొడుగు చూసో, ట్రాక్టరు చూసో తోక ముడుస్తుంది. పిరికిది అయిపోయిందని వెక్కిరించకండి, ఈడ్చుకుంటూ దాని దగ్గరికి తీసుకెళ్ళకండి. దూరం నుంచి చూడనిచ్చి, ఒక ముక్క పెట్టి, వచ్చేయండి. ఈ నెలల్లో గట్టిగా పడ్డ భయం జీవితాంతం ఉండిపోవచ్చు. మనకు దసరా, దీపావళి ఈ రోజుల్లోనే వస్తాయి. టపాకాయల రాత్రి కుర్రకుక్క మేడమీద కట్టేసి ఉండకూడదు. లోపలి గదిలో, కిటికీలు మూసి, ఫ్యాను వేసి, ఇంటివాళ్ళలో ఒకరు దగ్గర కూచోవాలి. ఆ రాత్రి బెదిరి గేటు దూకి ఉరికిపోయిన కుక్కల కోసం మర్నాడు వెతికేవాళ్ళను ప్రతి ఏడూ చూస్తాం.

ఇక చిత్త కార్తె తిరుగుడు. ఎదకొచ్చిన ఆడకుక్క వెనక పది మగకుక్కలు గుంపు కడతాయి. మీ టైగర్ ఆ గుంపులోకి పోతే, వీధిలో పుట్టి వీధిలో కొట్లాడి బతికిన మగకుక్కల ముందు అది నిలవలేదు. చెవులు చినిగి వస్తుంది, లేదా 44వ నంబరు జాతీయ రహదారి మీదో, కర్నూలు నుంచి కడపకొచ్చే 40వ నంబరు రహదారి మీదో లారీ కింద పడుతుంది. ఇంకోటి చాలామందికి తెలీదు. జతకట్టడం వల్ల కుక్క నుంచి కుక్కకు అంటుకునే గడ్డ ఒకటుంది. మర్మావయవం దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా లేచి రక్తం కారుతూ ఉంటుంది. అది ఒక రకం క్యాన్సరే. సిగ్గుపడి దాచి, ముదిరాక తెస్తారు. తొందరగా తెస్తే విన్‌క్రిస్టిన్ అనే మందుతో, వారానికో ఇంజక్షను చొప్పున, చాలా కుక్కల్లో పూర్తిగా నయమవుతుంది. ఈ పక్షం రోజులు తాడు వదలకండి. వీధికుక్కల సందడి తక్కువున్న వేళ చూసి నడిపించండి. రెండు మగకుక్కలు కలబడితే మధ్యలో చెయ్యి పెట్టకండి, బక్కెట్టు నీళ్ళు కుమ్మరించండి.

ఆపరేషను మాట ఎత్తగానే మగవాళ్ళ మొహాలు మారతాయి. "పాపం, దాని మగతనం తీసేస్తామా సార్?" అని, తన సొంత ఆపరేషను గురించి మాట్లాడుతున్నట్టు బాధపడిపోతారు. దుక్కిటెద్దుకు ఇదే పని తరతరాలుగా చేయిస్తున్న ఇళ్ళలోనే ఈ మాట వింటాను. వృషణాలు తీసేస్తే ఏం తగ్గుతుందో, ఏం తగ్గదో తెలుసుకుని నిర్ణయించుకోండి. ఆడకుక్కల కోసం తిరగడం ఎక్కువ కుక్కల్లో బాగా తగ్గుతుంది. మీదికెక్కడం, తడపడం, మగకుక్కలతో కలబడడం కొంత తగ్గుతుంది, అన్నింట్లో కాదు. భయంతో అరిచే, భయంతో కరిచే కుక్కకు దీనివల్ల ప్రయోజనం ఉండకపోవచ్చు. ఒక్కోసారి భయం పెరగవచ్చు కూడా. ఆపరేషను అయిన మర్నాటి నుంచే మార్పు కోరకండి, హార్మోను తగ్గడానికి వారాలు పడుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద ఒళ్ళున్న కుక్కల్లో ఎముకలు, కీళ్ళు కుదురుకునేదాకా, అంటే ఏడాది దాటేదాకా ఆగడం మంచిది. ఏ కుక్కకు ఎప్పుడు అనేది దాన్ని చూసిన వైద్యుడు చెప్పాలి, రేడియోలో నేను చెప్పకూడదు. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో అడగండి. కడప జిల్లావాళ్ళకు ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది.

ఇంతసేపూ "ఇది వయసే, జబ్బు కాదు" అన్నాను. ఆ మాట ఎక్కడ ఆగిపోతుందో చెప్పకపోతే నా ప్రసంగం ప్రమాదం తెచ్చిపెడుతుంది. వయసు మార్పు వారాల మీద, నెలల మీద వస్తుంది. కుక్క తిండి మానేస్తే, పిడుదులు పట్టి జ్వరంతో ముడుచుకుంటే, ముట్టుకున్న చోట నొప్పితో అరిస్తే అది వయసు కాదు, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషిని గుర్తుపట్టనట్టు ప్రవర్తిస్తే, గొంతు మారితే, చొంగ కారితే, కారణం లేకుండా కనపడ్డదాన్నల్లా కరిస్తే రేబిస్ అని అనుమానించాలి. దగ్గరికి పోకండి, మీద చెయ్యి వేయకండి, గది తలుపు వేసి పశువైద్యుడికి కబురు చేయండి. ఎవరినైనా కరిస్తే, రక్కితే, గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రిలో టీకా మొదలుపెట్టాలి. పసుపూ, కారమూ, సున్నమూ పూయకండి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు వైద్యం లేదు. కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పినట్టు బూస్టరు, ఆపైన ప్రతి ఏడూ. జులై 6న, ప్రపంచ జంతుసంక్రమిత వ్యాధుల దినం రోజు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. ఆ రోజు తప్పిపోయినవాళ్ళు వచ్చే జులైదాకా ఆగకండి. తిరిగే వయసు కుక్కకు టీకా లేకపోవడం కంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు.

చివరగా ఒక విన్నపం. ఇళ్ళలోంచి కుక్కలను వదిలేసేది ఎక్కువగా ఈ వయసులోనే. పిల్లగా ఉన్నప్పటి ముద్దు పోయి, పెద్దకుక్క నిదానం ఇంకా రాని నెలలివి. రాత్రిపూట జీపులో ఎక్కించి నల్లమల దారిలోనో, ఏ డాబా దగ్గరో దించేసి వస్తారు. తిండీ నీళ్ళూ లేక బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం కూడా నేను చెప్పిన ఆ 11వ సెక్షను కిందికే వస్తుంది. ఇంటి తిండికి అలవాటుపడ్డ కుక్క అక్కడ వేటాడలేదు, వీధికుక్కల గుంపు దాన్ని రానివ్వదు, అడవి అంచునైతే చిరుతకు చిక్కుతుంది. మీ ఇంట్లో పది నెలల మగకుక్క ఉండి, ఎవరికైనా ఇచ్చేద్దామా, ఎక్కడైనా వదిలేద్దామా అని ఇంట్లో మాట నడుస్తుంటే, ఆ నిర్ణయాన్ని వచ్చే ఏడాది ఉగాదికి వాయిదా వేయండి. ఈలోగా రెండు పూటలా నడక, టీకా, మీకు దగ్గర్లోని పశువైద్యుడితో ఒక్కసారి మాట. ఉగాదికి కూడా మీ మాట అదే అయితే, అప్పుడు దాన్ని చూసుకోగలిగిన ఇల్లు వెతికి, మీ చేత్తో మీరే అప్పగించండి.